కొనమొగ్గయు దీర్ఘరాత్రియు

కిటికీలు లేని తోట

కెనడా దేశమున ఒంటారియో రాష్ట్రమందలి స్మిత్స్ ఫాల్స్ అను చిన్న పట్టణములో, దశాబ్దముల తరబడి చాకొలెట్లు తయారుచేసి ఊరివారనేకులకు జీవనాధారమైయుండిన ఒక పెద్ద కర్మాగారము 2008లో మూతపడినది. కొన్నేండ్లు ఖాళీగానుండిన ఆ కట్టడములోనికి 2014లో ప్రభుత్వపు అనుమతిపత్రముతో గంజాయి మొక్కలు ప్రవేశించినవి. వయోజనులకు గంజాయిని చట్టసమ్మతము గావించు శాసనము 2018 అక్టోబరు 17వ తేదీన ఆ దేశమందు అమలునకు వచ్చిన పిమ్మట ఆ తోట పేరు దేశదేశములకు ప్రాకినది. తుదకు వ్యాపారము ఆశించినంతగా సాగకపోగా, 2023లో చాకొలెట్ సంస్థయే ఆ కట్టడమును మరల కొనుక్కొన్నది. లాభనష్టముల లెక్క వర్తకులది. వృక్షశాస్త్రమును అభిమానించువారికి మాత్రము నడుమ గడచిన ఆ కొలది సంవత్సరములే ముఖ్యములు. ఏలయన, పొలములో ప్రకృతి మొక్కకు చేయు ఉపచారములన్నియు ఏవేవియో, వానిలో ఒక్కొక్కదాని విలువ యెంతయో, కిటికీలు లేని గదిలో మొక్కను పెంచునప్పుడుగాని మనకు సంపూర్ణముగా తెలిసిరాదు.

ఇట్టి గదులలో సూర్యుడు లేడు. గోడలు తెల్లని రంగుతో మెరయుచు, తమపై పడిన వెలుతురును మొక్కలపైకే తిరుగగొట్టుచుండును. పైన వరుసలుగా వ్రేలాడు దీపములు మొక్క ఎదుగు దశలో రోజునకు పదునెనిమిది గంటలు వెలుగును. బయట మంచు మోకాటిలోతున పేరుకొనియున్నను, లోపల ఎండకాలపు ఉదయమువంటి నులివెచ్చదనము నిలిచియుండును. పంకాలు గాలిని కదలించును. సన్నని గొట్టములు వేళ్ళయొద్దకు నీటిని, అందులో కరిగిన లవణములను చేర్చును. మొక్కల వాసన బయటికి పొక్కకుండ గాలి బొగ్గు వడపోతలగుండ వెడలును. ఇన్ని హంగులు సమకూర్చిన పెంపకందారుడు మొక్కను తన యిచ్చవచ్చినట్లు నడిపించుచున్నాడని చూచువారికి తోచును. వాస్తవమట్లు కాదు. మొక్కకు తన ఆకృతిని గూర్చియు, తన కాలమును గూర్చియు తనవైన నియమములు కలవు. ఎన్ని కొమ్మలు వేయవలెనో కొనమొగ్గ నిర్ణయించును. ఎప్పుడు పూయవలెనో రాత్రి నిడివి నిర్ణయించును. మొక్కను తీర్చిదిద్దుట యనగా దానిని బలవంతపెట్టుట కాదు. మొక్క లోపల ఒక అవయవమునుండి మరియొక అవయవమునకు నడచు సందేశములలో దేనిని, ఎచ్చట, ఎప్పుడు ఆపవలెనో యెరుగుట. ఈ అధ్యాయమున మనము విచారింపబోవునది ఆ యెరుకనే.

కొనమొగ్గ ఆధిక్యము

గంజాయి మొక్కను దాని దారిన దానిని ఎదుగనిచ్చినచో, నడిమి కాండము నిటారుగా పెరిగి, ప్రక్కకొమ్మలు క్రిందివి పొడుగుగాను పైవి పొట్టిగాను ఉండి, మొత్తము మీద శంఖాకారమును దాల్చును. ప్రతి కణుపునను ఆకు కాండమును కలియు గ్రీవమునందు ఒక చిన్న మొగ్గ యుండును. అది కొమ్మ కాగల శక్తి కలదియే. అయినను కాండాగ్రమున మొగ్గ సజీవముగానున్నంత కాలము ఆ గ్రీవపు మొగ్గలలో పెక్కు నిద్రాణములై యుండుటయో, మందముగా పెరుగుటయో జరుగును. వృక్షశాస్త్రజ్ఞులు దీనికి అగ్రాధిక్యత యని పేరిడిరి.

కొనయందేదో యున్నదను అనుమానమునకు తొలి ఆధారమును చూపినవాడు చార్లెస్ డార్విన్. 1880లో ఆయన తన కుమారుడు ఫ్రాన్సిస్‌తో కలసి ప్రకటించిన గ్రంథమున, గడ్డిమొలక వెలుతురు వైపునకు వంగుటకు కారణము దాని కొనయేయనియు, కొనను కప్పివేసినచో మొలక వంగుట మానుననియు, వంగెడు భాగము మాత్రము కొనకు క్రిందనున్నదనియు నిరూపించెను. వెలుతురును గ్రహించుచోటు ఒకటి, వంగుచోటు వేరొకటి యైనప్పుడు నడుమ ఏదో ఒకటి ప్రయాణము చేయుచుండవలెను గదా! ఆ ప్రయాణించు పదార్థమును 1926 ప్రాంతమున హాలెండు దేశపు యుట్రెక్ట్ నగరములో ఫ్రిట్స్ వెంట్ అను యువకుడు పట్టుకొనెను. ఓట్స్ మొలకల కొనలను కోసి, అగార్ పలకలపై కొంతసేపు నిలిపి, ఆ పలకల ముక్కలను కొనలేని మొలకలపై ఒక ప్రక్కగా అమర్చగా, అవి చీకటిలో సైతము వంగినవి. ఆ పదార్థమే ఆక్సిన్. 1930లలో థిమన్, స్కూగ్ అను శాస్త్రజ్ఞులు చిక్కుడుజాతి మొక్కల కొనలను తుంచి, కోతపై ఆక్సిన్‌ను పూసిచూడగా, కొన లేకున్నను ప్రక్కమొగ్గలు మేల్కొనక అట్లే నిలిచినవి. కొనమొగ్గ ఆధిక్యమునకు ఆక్సినే కారణమని అందరును నమ్మిరి.

అయితే శాస్త్రమున ఒక సమాధానము దొరికినంతనే దానిక్రింద మరియొక ప్రశ్న బయలుదేరుచుండును. ఆక్సిన్ కాండములో క్రిందికి దిగును గాని ప్రక్కమొగ్గలోనికి పోదు. పోని పదార్థము మొగ్గనెట్లు ఆపుచున్నది? కొంత కాలమునకు, వేళ్ళయందు ముఖ్యముగా పుట్టు సైటోకైనిన్లు మొగ్గలను మేల్కొలుపుననియు, స్ట్రైగోలాక్టోన్లు అను మరియొక జాతి పదార్థములు వానిని అణచుననియు తెలిసినది. ఈ రెండవ సంగతి స్థిరపడినది 2008లో. 2014లో వెలువడిన ఒక పరిశోధన బఠాణీమొక్కలపై మరింత చిత్రమైన విషయమును వెల్లడించినది. ఆక్సిన్ కాండమున గంటకు సుమారొక సెంటీమీటరు చొప్పున మాత్రమే నడచును. కాని కొనను తుంచిన కొలది గంటలలోనే దూరముననున్న క్రింది మొగ్గలు కదలుట ప్రారంభించుచున్నవి. వార్త చేరకమునుపే మొగ్గ మేల్కొన్నదన్నమాట. మేల్కొలిపినది చక్కెర. కృష్ణా డెల్టాలో కాలువ తలయందలి రైతు తూములు తెరచుకొన్నంతకాలము చివరి భూములకు నీరు చాలదు. అతడు తూము మూసిన పూటనే చివరి మడులు తడియును. అట్లే ఆకులు తయారుచేసిన చక్కెరలో పెద్దపాలు కొనమొగ్గ లాగుకొనుచుండును. అది తొలగినంతనే ఆ చక్కెర ప్రక్కమొగ్గలకు ప్రవహించును. ఆపై వానిని కొమ్మలుగా నిలబెట్టు కార్యమును హార్మోనులు నిర్వహించును.

తుంచుట, వంచుట

ఈ శాస్త్రమంతయు తెలియని కాలమునుండియు తోటమాలి చేతికి దీని ఫలితము తెలియును. గదిలోని మొక్క అయిదారు కణుపులు వేసిన తరువాత, కొనయందు ఇంకను విచ్చుకొనని లేతాకుల జంటను, దాని నడుమనున్న మొగ్గను గోటితోనో పదునైన కత్తెరతోనో తీసివేయుదురు. కోతకు క్రింద కణుపుపైన కొద్దిపాటి మోడును విడుతురు. అది ఎండిపోవును గాని, కణుపు చీలకుండ కాపాడును. లేత గంజాయి మొక్క ఆకులు కణుపున కొక జంట చొప్పున ఎదురెదురుగా నుండును గనుక, ఆ కణుపునందలి రెండు గ్రీవపు మొగ్గలును సరిసమానముగా మేల్కొని, కొలది దినములలో ఒక నాయకకాండమునకు మారుగా రెండు నాయకకాండములు వెలయును. వానిని మరల తుంచినచో నాలుగగును. మొక్క పూతకు సిద్ధపడు వయస్సు వచ్చునప్పటికి ఆకుల అమరిక మారి, ఎదురెదురు జంటలు విడిపోయి, కణుపునకొకటిగా ఒకటి విడిచి ఒకటి పుట్టుచుండును. అనుభవజ్ఞుడైన పెంపకందారుడు మొక్క ఈడును ఈ గుర్తువలననే చెప్పగలడు.

రెండవ మార్గము వంచుట. ఇందు మొక్కకు గాయము లేదు. నడిమి కాండమును మెల్లగా ప్రక్కకు వాల్చి మెత్తని త్రాటితో కుండీ అంచునకు కట్టుదురు. లేక మొక్కలపై అడ్డముగా ఒక వలను పరచి, పైకి వచ్చిన ప్రతి కొమ్మను వల కన్నులక్రిందుగా ప్రక్కకు నడుపుదురు. వాల్చిన కాండమున కొన తన ఉన్నతస్థానమును కోల్పోవును. అంతవరకు క్రిందనున్న మొగ్గలు ఇప్పుడు మీదికి వచ్చినవై, ఒక్కసారిగా నిటారుగా లేచును. కాండములోని కొన్ని కణములయందు పిండిరేణువులు గురుత్వమునకు లోబడి అడుగున పేరుకొనుటవలన మొక్కకు క్రిందేదో మీదేదో తెలియును. అడుగుప్రక్కకు ఆక్సిన్ ఎక్కువగా చేరి అచ్చటి కణములు సాగుటచే, వాల్చిన కొన సయితము ఒకటిరెండు దినములలో మెడ యెత్తును. అందుచే వంచుట ఒకనాటితో ముగియు పని కాదు. కట్టిన త్రాడును విప్పి మరల కట్టుచుండవలెను. మొక్కై వంగనిది మ్రానై వంగదని పెద్దలు బిడ్డల పెంపకమును గూర్చి చెప్పిన మాట ఇచ్చట అక్షరాల నిజము: లేతకాండములో కణములకు గోడలు పలుచన, ముదిరినకొలది ఆ గోడలయందు లిగ్నిన్ అను గట్టిపదార్థము చేరి, కాండము వంగుటకు బదులు పుటుక్కున విరుగును.

ఇంతగా శ్రమించి మొక్కను బల్లపరుపుగా పరచుట దేనికొరకు? సమాధానము దీపమునందున్నది. సూర్యుడు మనకు సుమారు పదునైదు కోట్ల కిలోమీటర్ల దూరమున నుండుటచే, మొక్క కొనకును క్రింది కొమ్మకును నడుమనున్న రెండుమూడు అడుగుల తేడా ఎండబలమును మార్చదు. గదిలోని దీపము తలమీదనే యున్నది. ఒంటరిదీపమునకు దూరము రెట్టింపైనచో వెలుతురు నాలుగవ వంతునకు తగ్గును. పైగా పైయాకులు క్రిందివానికి నీడ పట్టును. నీడలోని ఆకు తాను తయారుచేయు చక్కెరకంటె తన శ్వాసక్రియకు ఖర్చుపెట్టునదే ఎక్కువ కావచ్చును. శంఖాకారపు మొక్కకు ఒక్క కొన మాత్రమే దీపమునకు చేరువగానుండి, తక్కినవి అర్ధాకలితోనుండును. పరచిన మొక్కకు కొనలన్నియు ఒకే ఎత్తున నుండి, వెలుతురును సమముగా పంచుకొనును. పొలములో అవసరములేని శిక్షణ గదిలో అనివార్యమగుటకు హేతువిదియే.

మన జంగారెడ్డిగూడెము ప్రాంతమున వర్జీనియా పొగాకు పండించు రైతు కూడ మొక్క తల తుంచును. కాని అతని ఉద్దేశము దీనికి సరిగా వ్యతిరేకము. పూతకు పోవలసిన సత్తువ ఆకునకు చేరి, ఆకు దళసరియై బరువెక్కుటయే అతనికి కావలెను. తల తుంచినంతనే గ్రీవములనుండి లేచు పిలకలు అతనికి శత్రువులు. వానిని విడువక తీసివేయుచుండును. గంజాయి పెంపకందారుడు ఆ పిలకల కొరకే తల తుంచును. చేయు పని ఒక్కటే. సందేశమాగుట కూడ ఒక్కటే. ఫలితములో దేనిని నిలుపుకొని దేనిని త్రోసివేయవలెనో అనునదే ఇద్దరికిని భేదము.

చీకటి నిడివి

ఇక కాలము సంగతి. ఋతువులతో మొక్కల పూతకు సంబంధమున్నదని అందరెరిగినదే. కాని ఆ సంబంధము వెచ్చదనము వలనో తేమ వలనో కాక, పగటి నిడివి వలన కలుగునని తొలుత చూపిన ప్రయోగములలో గంజాయిమొక్కయే ప్రధానపాత్ర వహించినదను సంగతి చాలమందికి తెలియదు. ప్యారిస్ నగరమున జూలియన్ టూర్నువా అను యువశాస్త్రజ్ఞుడు హాప్ తీగను, దాని దగ్గరి చుట్టమైన గంజాయిమొక్కను పరిశీలించుచు, శీతకాలమున అద్దాలమేడలో విత్తిన మొక్కలు ఇంకను నాలుగాకులైనను సరిగా వేయకమునుపే పూయుటను చూచి ఆశ్చర్యపడెను. వానికి దొరకెడు వెలుతురును రోజునకు కొద్ది గంటలకు కుదించిచూడగా అదే ఫలితము మరల కనబడెను. 1912లో ఈ విషయమును ప్రకటించి, 1914నాటికి ఆయన మరింత లోతైన అభిప్రాయమునకు వచ్చెను: పూతకు కారణము పగళ్ళు కురచయగుట కాదు, రాత్రులు నిడుపగుట. ఆ సంవత్సరముననే మహాయుద్ధమున ఆయన మరణించుటచే ఆ పరిశోధన అంతటితో ఆగిపోయెను.

కొన్నేండ్లకు అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అను ఇరువురు వ్యవసాయశాస్త్రజ్ఞులకు మేరీలాండ్ మామత్ అను పొగాకు రకము చిక్కుసమస్యయైనది. అది వేసవియంతయు పెరిగి పెరిగి ఆకులే వేయును గాని పూయదు. శీతకాలపు అద్దాలమేడలో మాత్రము చిన్న మొక్కగానే పూయును. వారు కిటికీలేని ఒక చీకటికొట్టమును కట్టి, వేసవిలో మొక్కలను సాయంకాలము నాలుగు గంటలకు అందులోనికి చేర్చి, మరునాటి ఉదయము తొమ్మిదింటికి బయటికి తీయుచుండగా, అవి పూచినవి. 1920లో వారు ప్రకటించిన ఈ సిద్ధాంతమే కాంతికాలావధి. దీర్ఘరాత్రిని కోరు మొక్కలు హ్రస్వదీప్తికాల మొక్కలని వ్యవహారమునకు వచ్చినవి. మన గోంగూర ఈ జాతిలోనిదే. పగళ్ళు కురచయైన దినములలో విత్తినచో అది గుబురుగా ఆకువేయకమునుపే పూతకు వచ్చును.

పేరు పగటిదైనను లెక్క రాత్రిదే యని 1938లో హామ్నర్, బానర్ నిరూపించిరి. దీర్ఘరాత్రి నడుమ ఒక్క నిమిషముపాటు దీపము వెలిగించినచో వారి మొక్కలు పూయలేదు. పగటి నడుమ కొంతసేపు చీకటి చేసినను మొక్కకు చింతలేదు. ఆ నిమిషపు వెలుతురును గ్రహించునది ఫైటోక్రోమ్ అను వర్ణద్రవ్యము. అమెరికాలో బెల్ట్స్‌విల్ పరిశోధనాస్థానమునందు 1952లో దాని గుణములు బయటపడినవి; 1959లో దానినే పరికరములతో గుర్తించిరి. అది రెండు రూపములలో నుండును: సుమారు 660 నానోమీటర్ల ఎరుపు కాంతి తగిలినచో ఒక రూపమునకు, 730 నానోమీటర్ల దూరపు ఎరుపు తగిలినచో రెండవ రూపమునకు మారును. చీకటిలో మొదటి మార్పు క్రమక్రమముగా రద్దగుచుండును. ఆకు లోపలి జీవగడియారము ఈ మార్పును గమనించి, రాత్రి తగినంత నిడివి కలదని తేల్చుకొన్నప్పుడు ఆకునుండి కొనలకు ఒక ఆజ్ఞ వెడలును. అట్టి పదార్థమొకటి యుండవలెనని రష్యాలో చైలాఖ్యాన్ 1930లలోనే ఊహించి ఫ్లోరిజెన్ అని పేరుపెట్టెను. అది యొక చిన్న మాంసకృత్తు అని తేలుటకు 2007 వరకు పట్టినది.

గదిలోని పెంపకందారునికి ఈ చరిత్రయంతయు ఒక్క మీటలో ఇమిడియున్నది. పదునెనిమిది గంటలు వెలుతురున్నంతవరకు మొక్క కొమ్మలు, ఆకులు మాత్రమే వేయును. దీపములను పండ్రెండు గంటలకు కుదించి, పండ్రెండు గంటల అవిచ్ఛిన్నమైన చీకటిని ఇచ్చినచో, ఒకటిరెండు వారములలో కణుపులయందు తెల్లని కీలాగ్రములు తొంగిచూచును. అవిచ్ఛిన్నమను మాటయే ఇందు కీలకము. తలుపు సందునుండి దూరిన వెలుతురు గీత, యంత్రముపై రాత్రంతయు వెలుగు చిన్న సూచికాదీపము — ఇట్టివి సైతము మొక్క లెక్కను తారుమారు చేయగలవు గనుక, తెలిసినవారు దీపములార్పి, గదిలో కొంతసేపు నిలువబడి, కన్నులు చీకటికి అలవాటుపడిన తరువాత ఎచ్చటెచ్చట సందులున్నవో వెదకుదురు. దీనికి అపవాదము లేకపోలేదు: రష్యాలో తుప్పలలో బంజరులలో మొలచు ఒక గంజాయి తెగను 1924లో యానిషెవ్‌స్కీ వర్ణించెను, అది రాత్రి నిడివితో నిమిత్తములేక, ఈడు వచ్చినంతనే పూయును. వేసవి కురచయైన ఉత్తరభూములలో ఆ తొందరయే దానిని బ్రతికించినది.

ఆడుమొక్కల తోట

గంజాయిలో ఆడుమొక్కలు వేరు, మగమొక్కలు వేరు. విలువయంతయు ఆడుమొక్క పూగుత్తులయందున్నది. పుప్పొడి సోకినచో మొక్క తన సత్తువను గింజలకు మరల్చును. సోకనిచో, వారముల తరబడి పువ్వుమీద పువ్వు వేయుచు, జిగురును స్రవించుచుండును. ఈ రహస్యము గదుల కాలమున పుట్టినది కాదు. ఇప్పుడు బంగ్లాదేశమున చేరిన నౌగావ్ ప్రాంతమందు, ఆంగ్లేయుల పాలనలో ప్రభుత్వపు కట్టడిక్రింద గంజాయి సాగగుచుండిన దినములలో, పోద్దార్ అను నిపుణుని రైతులు కూలికి పిలుచుకొనెడివారు. అతడు చాళ్ళవెంబడి నడచుచు, పువ్వు విచ్చకమునుపే మగమొక్కను గుర్తించి వేళ్ళతో పెరికివేయును. డేవిడ్ ప్రెయిన్ 1893లో వ్రాసిన నివేదికయందును, 1893-94లో దేశమంతట విచారణ జరిపిన కమీషను సంపుటములయందును ఈ పద్ధతి వర్ణింపబడినది. ఆ కమీషను చెన్నరాజధానిలోని సాగును గూర్చి చెప్పుచు, అప్పటి కృష్ణాజిల్లా బాపట్ల తాలూకాలోని దగ్గుబాడు గ్రామమును పేర్కొన్నది. మన నల్లరేగడిలో ఒకనాడు లెక్కకెక్కిన పంట ఈనాడు నేరము: 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము అనుమతి లేక ఈ మొక్కను పెంచినవారికి పదేండ్లవరకు కఠినకారాగారశిక్ష విధింపవచ్చును.

కెనడా గదులలో పోద్దారుతో పనిలేదు. అచ్చట ఎంపికచేసిన ఒక్క తల్లిమొక్కనుండి కొమ్మలు కత్తిరించి నాటుటచే మొక్కలన్నియు ఆడువే యగును. పూత ముదురుచున్నప్పుడు భూతద్దముతో ఒక చిట్టాకును చూచినచో మహాద్భుతమైన దృశ్యము గోచరించును. ఆకు అంచునిండ గాజుకాడలు నిలిచి, ప్రతి కాడపైన ఒక గుండ్రని తల మెరయుచుండును. ఇవి గ్రంథిరోమములు, మొక్క తన జిగురును దాచుకొనునది ఈ తలలలోనే. మొదట అవి నీటిబొట్లవలె నిర్మలముగానుండి, తరువాత పాలరంగునకు తిరిగి, కడపట తేనెరంగునకు మారును; కోతకు తగిన సమయమును ఈ రంగులనుబట్టియే నిర్ణయింతురు. మత్తునకు మూలమైన టి.హెచ్.సి. అను పదార్థమును 1964లో ఇజ్రాయెల్ దేశమున గావోని, మెషూలమ్ శుద్ధరూపమున వేరుచేసి, దాని నిర్మాణమును వెల్లడించిరి. పచ్చిమొక్కలో అది ఆమ్లరూపమున నుండి, వేడి తగిలినప్పుడే మత్తునిచ్చు రూపమునకు మారును.

గాలి, తేమ, కత్తి

పొలములోని మొక్కను గాలి అనుదినము కుదుపుచుండును. ఆ కుదుపు హానియని తోచును గాని, మొక్కకది వ్యాయామము. గాలి సోకని మొక్క సన్నగా సాగి, తన పూగుత్తుల బరువునకే ఒరగిపోవును. కదలింపబడిన మొక్క పొట్టియై, కాండము లావై నిలుచును. స్పర్శవలన కలుగు ఈ రూపభేదమును 1973లో మార్క్ జాఫే ప్రత్యేకముగా వర్ణించెను. గదిలో తిరుగుడు పంకాలుండుటకు ఇదియొక కారణము.

రెండవ కారణము తేమ. ఆకు రంధ్రములనుండి మొక్క త్రాగిన నీటిలో బహుభాగము ఆవిరియై గదిలోనికే వెడలును. దీపములు వెలుగుచున్నంతసేపు గాలి వెచ్చగానుండి ఆ ఆవిరిని మోయగలదు. దీపములారినంతనే గాలి చల్లబడి, మోయలేని తేమను పూగుత్తుల మడతలలో విడుచును. చిక్కనైన పూగుత్తి లోపల ఆ తడి ఆరక నిలిచినచో బోట్రైటిస్ అను బూజు ప్రవేశించి, పైకి పచ్చగా కనబడు గుత్తిని నడుమనుండి గోధుమరంగు పొడిగా చేయును. ఒక్క చిన్న ఆకు అకారణముగా వాడుట దాని తొలిగుర్తు. ఆ ఆకును మెల్లగా లాగిచూచినచో చేతికి ఊడివచ్చును. వెలుతురు చేరని క్రింది కొమ్మలను, గుబురులోని కొన్ని ఆకులను తీసివేయుట గాలి ఆడుటకొరకే.

అయితే తీసివేయు కత్తియే కొన్నియెడల శత్రువును మోసికొనిపోవును. హాప్ తీగలకు సోకునదై, గంజాయికిని సోకినట్లు 2019లో కాలిఫోర్నియాలో గుర్తింపబడిన ఒక వైరాయిడ్ ఉన్నది. వైరస్‌కైనను పైన ఒక తొడుగుండును, దీనికదియు లేదు. కేవలము 256 అక్షరముల ఆర్.ఎన్.ఎ. చక్రము. అది సోకిన మొక్క చావదు. కురచయై, కణుపులు దగ్గరపడి, జిగురు తగ్గి, తన తేజమును కోల్పోవును. ఒకే తల్లిమొక్కనుండి వేలకొలది పిల్లమొక్కలను తీయు పద్ధతిలో తల్లికి పట్టిన జబ్బు సంతతికంతటికి సంక్రమించును. అందుచే మొక్కకు మొక్కకు నడుమ కత్తెరను శుద్ధిచేయుట, తల్లిమొక్కలను పరీక్షించుట, ఈ తోటలలో తుంచుట వంచుటలతో సమానమైన విద్యయైనది.

సూర్యుని వెల

ఇన్ని చెప్పిన తరువాత లెక్క చూడవలెను. నిర్మలాకాశమున మధ్యాహ్నవేళ చదరపు మీటరుపై సెకనునకు పడు కిరణజన్య సంయోగక్రియకు పనికివచ్చు కాంతికణముల పరిమాణము సుమారు 2000 మైక్రోమోలులు. గదిలో అందులో సగమును ఇచ్చుటకు సైతము వరుసవరుసల దీపములు వలయును. దీపముల వేడిని తీయుటకు శీతలయంత్రములు, మొక్కలు విడిచిన తేమను తీయుటకు మరికొన్ని యంత్రములు వలయును. 2012లో ఇవాన్ మిల్స్ అను శక్తిశాస్త్రజ్ఞుడు, అమెరికాలో గదులలోని గంజాయి పెంపకము ఆ దేశపు విద్యుత్తులో నూటికి ఒకవంతును వాడుకొనుచున్నదని అంచనా వేసెను. 2021లో ప్రకటితమైన మరియొక లెక్కనుబట్టి, ఒక్క కిలో ఎండిన పూతను గదిలో పండించుటకు, ప్రదేశమునుబట్టి, 2,283 మొదలు 5,184 కిలోల వరకు బొగ్గుపులుసు వాయువునకు సమానమైన ఉద్గారములు వెలువడును. నీలికాంతి డయోడును సాధించినందుకు అకసాకి, అమనో, నకమురా అను మువ్వురకు 2014లో నోబెల్ బహుమానము వచ్చినది; ఆ డయోడులనుండి పుట్టిన ఎల్.ఇ.డి. దీపములు వెనుకటి సోడియం దీపములకంటె తక్కువ కరెంటుతో ఎక్కువ కాంతినిచ్చుచున్నను, ఖర్చులో దీపమొకపాలు మాత్రమే గనుక భారము పూర్తిగా తీరలేదు.

గది మనకు నేర్పిన పాఠములలో దేనికి నిజముగా గది అవసరమో, దేనికి అవసరము లేదో విడదీసి చూచినచో మార్గము కనబడును. కొన తుంచుటకు, కొమ్మ వంచుటకు గది అక్కరలేదు, పొలములోనే చేయవచ్చును. గాలి పొలమున ఉచితము. వెలుతురు ఆకాశమునుండి దిగుచున్నది. ఋతువునకు వెలుపల మొక్కచే పూయించుటకు మనము స్వయముగా సమకూర్చవలసినది ఒక్కటే, అది రాత్రి నిడివి. చేమంతి పెంపకందారులు ఈ సంగతిని ఏనాడో గ్రహించిరి: పూత ఆలస్యము కావలెనన్నచో రాత్రి నడుమ కొలదిసేపు బల్బులు వెలిగింతురు, పూత త్వరగా కావలెనన్నచో సాయంకాలము మొక్కలపై నల్లని తెరలు దింపుదురు. గంజాయి పెంపకము చట్టసమ్మతమైన దేశములలో ఈనాడు పెక్కుమంది గదులను విడిచి, అద్దాలమేడలకు మరలి, సూర్యకాంతిలో మొక్కను పెంచి, పొద్దు వాలకమునుపే నల్లతెరను లాగుచున్నారు. టూర్నువా కనుగొన్న దానికి ఇంతకంటె పొదుపైన వినియోగము లేదు. ఏలయన, మనుష్యుడు మొక్కకొరకు వెలుతురును కొనుటకంటె చీకటిని కొనుట మిక్కిలి చౌక.